కరెంటు శాఖ పెద్దసార్లకు ఒక ఎలక్ట్రీషియన్ లేఖ: ఫోన్ల ఎల్‌సీ ఇచ్చుడు బంద్ పెట్టండి

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల కరెంటు శాఖ ఎస్ఈ, డీఈ, ఏడీఈ, ఏఈ ఇంజినీర్ సార్లందరికీ నమస్కారం.

నేను దేవరకొండ దిక్కు ఒక ఊర్ల ప్రైవేట్ ఎలక్ట్రీషియన్ని. ఈ పనిల పడి 22 ఏండ్లయింది. ఇండ్ల వైరింగులు చేసిన, బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేసిన, మిర్యాలగూడ దిక్కు రైసు మిల్లులల్ల ప్యానెల్ బోర్డుల మీద పని చేసిన, కొన్నేండ్లు మా లైన్‌మన్ ఎనుక హెల్పర్‌గ తిరిగి పోల్లు కూడ ఎక్కిన. నా పేరు మీ ఏ రిజిస్టర్ల ఉండదు, కానీ మీ లైన్ల మీద నేను కట్టిన జంపర్లు (తీగకు తీగ కలిపే ముక్కలు) ఇప్పటికీ ఉన్నయి. అందుకే ఈ లేఖ రాసే హక్కు నాకు ఉన్నదనుకుంటున్న.

నేను అడిగేది ముందుగాల ఒక్కటే మాట సార్. ఫోన్ల ఎల్‌సీ ఇచ్చుడు, ఫోన్లనే వాపస్ తీసుకునుడు బంద్ పెట్టండి. మిగతావి కూడ చెప్త, కానీ అన్నిటికంటే ముందు ఇది.

ఈ లేఖ సార్లు కానోళ్ళు కూడ చదువుతరు కాబట్టి ఎల్‌సీ అంటే ఏందో చెప్త. లైన్ క్లియర్ అని. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైన్ మీద ఎవలన్న పని చేయాలంటే 33/11 కేవీ సబ్‌స్టేషన్ల ఉన్న ఆపరేటర్ ఆ ఫీడర్ (ఊర్లకు పోయే లైన్) బ్రేకర్, అంటే దాని పెద్ద స్విచ్ ఆపి, లైన్‌ను విడదీసే ఐసోలేటర్ తీసి, ఈ లైన్ల ఇగ కరెంటు లేదు, నువ్వు చెప్పేదాక నేను చార్జ్ చెయ్య, మళ్ళ కరెంటు ఇయ్య అని పని చేసేటోనికి రాసిచ్చేది. దానికి బుక్కు ఉంటది, నంబర్ ఉంటది, టైం ఉంటది, సంతకం ఉంటది, పని అయినంక ఎవలు తీసుకున్నరో వాళ్ళే వాపస్ ఇయ్యాలె. కాయితం మీద ఇంత మంచిగున్నది పద్ధతి. ఊర్లల్ల జరిగేది వేరే, లైన్‌మన్ పోల్ కింద నిలబడి ఫోన్ చేస్తడు, అన్నా ఫలానా ఫీడర్ జర తియ్యి, పది నిమిషాల పని అంటడు, అటుదిక్కు ఆపరేటర్ తీసిన పో అంటడు, అయిపాయె. ఆ ఒక్క మాట మీద మనిషి పోల్ ఎక్కుతడు. బుక్కుల తర్వాత రాస్తరు, ఒక్కోసారి తెల్లారినంక రాస్తరు, ఒక్కోసారి అసలే రాయరు.

ఐదేండ్ల కింద వానాకాలం నాట్ల టైంల జరిగింది చెప్త. ఆ పొద్దు సాయంత్రం పెద్ద గాలి దుమారం వచ్చి మా ఊరి బయట కట్టమీది పోల్ కాడ జంపర్ తెగింది. రైతులు అందరు బయటికొచ్చిండ్రు, నారుమళ్ళు ఎండిపోతున్నయని ఒకటే ఫోన్లు. మా లైన్‌మన్ కాలు బెణికి ఎక్కలేకపోతుండె, అందుకని మా చిన్నమ్మ కొడుకు, వాడు కూడ నా లెక్కనే ప్రైవేట్ హెల్పర్, 26 ఏండ్ల పిల్లగాడు, నేను ఎక్కుత అన్నడు. లైన్‌మన్ ఫోన్ల ఎల్‌సీ అడిగిండు, ఆపరేటర్ ఇచ్చిన అన్నడు, నేను కింద టార్చ్ పట్టుకొని నిలబడ్డ. వాడు ఎక్కి నడుముకు తాడు కట్టుకొని, బెల్ట్ లేదు మా దగ్గర, కటింగ్ ప్లయర్ తోటి తెగిన కొస దగ్గరికి గుంజుకుంటున్నడు.

మాకు తెలవని సంగతి ఏందంటే అదే ఫీడర్ మీద మూడు ఊర్ల అవతల ఇంకో గ్యాంగ్ కూడ ఎల్‌సీ తీసుకున్నది, చెట్ల కొమ్మలు కొట్టెటందుకు. అది కూడ ఫోన్లనే. వాళ్ళ పని అయిపోయింది, వాళ్ళు ఫోన్ చేసి క్లియర్ అన్నా, చార్జ్ చెయ్యి అన్నరు. ఆ మధ్యలనే సబ్‌స్టేషన్ల డ్యూటీ మారింది, మాకు ఎల్‌సీ ఇచ్చినాయన ఇంటికి పోయిండు, కొత్తగ వచ్చినాయనకు బల్ల మీద ఆ గ్యాంగ్ చీటీ ఒక్కటే కనపడ్డది. ఆ చీటీ వాపస్ వచ్చింది కదా అని బ్రేకర్ వేసిండు.

టప్పుమని ఒక్క చప్పుడు వచ్చింది, నీలం రంగు వెలుగు, తర్వాత వెంట్రుకలు కాలిన వాసన. వాడు తాడుకు ఏలాడుతున్నడు. లైన్ ట్రిప్ అయింది, అంటే బ్రేకర్ దానంతట అదే ఆగింది. లైన్‌మన్ ఫోన్ చేస్తున్నడు సబ్‌స్టేషన్‌కు, ఎంగేజ్, మళ్ళ చేస్తున్నడు, మళ్ళ ఎంగేజ్, ఎందుకంటే కరెంటు ఎప్పుడొస్తది అని పది ఊర్ల రైతులు అదే నంబర్‌కు ఫోన్ చేస్తున్నరు. అటు ఆపరేటర్‌కు ఏం తెలుసు, ట్రిప్ అయిందంటే ఏదో కొమ్మ తగిలి ఉంటది అనుకొని ట్రయల్ వేసిండు, నిలుస్తదా చూద్దామని మళ్ళ కరెంటు ఇచ్చిండు. రెండోసారి చార్జ్ అయింది సార్. మా కండ్ల ముంగట.

మళ్ళ ట్రిప్ అయింది. ఈసారి ఊర్ల ఒకాయన బండి మీద సబ్‌స్టేషన్‌కు ఉరికిండు, తొమ్మిది కిలోమీటర్లు, ఆయన పోయి చేతులు పట్టుకునేదాక మేము పోల్ ముట్టలేదు. ఆ టైం ఎంతో నాకు ఇప్పటికీ లెక్క తెలవదు. దించినంక ఊపిరి లేదు. చుట్టూ ఉన్నోళ్ళు ఇసుకల పాతిపెట్టండి, ఒంట్లె కరెంటు దిగిపోతది అని గుంత తవ్వబోయిండ్రు, నేను ఎవ్వర్ని దగ్గరికి రానియ్యలే. ఒక మిల్లుల పని చేసినప్పుడు ఫైరింజన్ వాళ్ళొచ్చి ఛాతి మీద ఒత్తుడు నేర్పిచ్చి పోయిండ్రు, అది యాదికొచ్చి ఒత్తిన, ఒత్తుకుంటనే ఉన్న. వాడు మెల్లగ దగ్గిండు. 108 వచ్చేదాక నా తమ్ముడు బతికే ఉన్నడు, ఇప్పటికి కూడ బతికే ఉన్నడు, కానీ ఎడమ చెయ్యి మోచేతి కింది దాక తీసేసిండ్రు, కుడి కాలుకు రెండు వేళ్ళు పోయినయి. ఆ కటింగ్ ప్లయర్ నా దగ్గరనే ఉన్నది. పిడికి చుట్టిన నల్లటేపు కరిగి ఇనుముకు అతుక్కపోయింది, వాని వేళ్ళ అచ్చు దాని మీద అట్లనే ఉన్నది.

తర్వాత కాయితాలల్ల ఏం రాసిండ్రంటే, ప్రైవేట్ వ్యక్తి ఎవలు చెప్పకుంటనే తన ఇష్టంతోటి పోల్ ఎక్కిండు అని. ఏ ఆఫీసో నేను రాస్తలేను, ఎవని ఉద్యోగం తీసేయాలని కూడ నాకు లేదు. ఆ ఆపరేటర్ కూడ కాంట్రాక్ట్ మీద చేసేటోడే, ఆయన కూడ ఆ రాత్రి నుంచి మనిషి కాలేదు. మా లైన్‌మన్ మా ఇంటికి వచ్చిన ప్రతిసారి మా చిన్నమ్మ కాళ్ళు మొక్కుతడు. నేను అడిగేది మనుషులను శిక్షించమని కాదు సార్. ఒక చీటీ, ఒక ఫోన్, ఒక యాదిమరుపు మీద మనిషి ప్రాణం ఉండద్దు అంటున్న.

ఇంతకు ముందు కొంత నయం ఉండె, ఎందుకంటే వ్యవసాయానికి కరెంటు 7 గంటలు, 9 గంటలు, గ్రూపుల లెక్కన వచ్చేది, త్రీ ఫేజ్ లేని టైం చూసుకొని చాన పనులు అయిపోయేటివి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, రైతు కొడుకునే కాబట్టి దాని విలువ నాకు తెలుసు, కానీ లైన్ మీద పని చేసేటోని దిక్కు నుంచి చూస్తే ఖాళీగ ఉండే టైం లేకుంట పోయింది. ఏ చిన్న పనికైనా ఎల్‌సీ తీసుకోవాల్సిందే, తీసుకున్న ప్రతి నిమిషం రైతుల ఫోన్లే. అంటే ఎల్‌సీల లెక్క పెరిగింది, తొందర పెరిగింది, పద్ధతి మాత్రం పాతదే ఉన్నది.

మరి ఏం చేయాలె అంటే, ఇది రాకెట్ చదువు కాదు. సబ్‌స్టేషన్ల బ్రేకర్ ప్యానెల్ మీద ఫీడర్‌కు ఒక బోర్డు పెట్టండి, ఆ ఫీడర్ మీద ఎన్ని గ్యాంగులు ఉన్నయో అన్ని ట్యాగులు ఏలాడాలె, ఒక్కో ట్యాగు మీద ఊరి పేరు, తీసుకున్నోని పేరు, టైం. ఒక్క ట్యాగు ఉన్నా బ్రేకర్ వేయొద్దు. డ్యూటీ మారినప్పుడు పాతాయన, కొత్తాయన ఇద్దరు కలిసి బోర్డు ముంగట నిలబడి ట్యాగులు లెక్కపెట్టి బుక్కుల సంతకం పెట్టాలె. ఫ్యాక్టరీలల్ల అయితే తాళమే వేస్తరు, ఎంతమంది పని చేస్తుంటె అన్ని తాళాలు, ఎవని తాళం చెవి వాని జేబుల ఉంటది, అమెరికాల ఈ తాళం, ట్యాగు పద్ధతిని 1989లనే రూల్ చేసిండ్రు. మన ఊర్ల సబ్‌స్టేషన్ దూరం ఉంటది, ప్రతిసారి పోయి రాసుకొని రావాలంటే అయితదా అని మీరు అడుగుతరు, నాకు తెలుసు. అయితే ఎల్‌సీలకు వేరే నంబర్ పెట్టండి, ఆ నంబర్ రైతులకు తెలవద్దు, మాట్లాడేది రికార్డ్ కావాలె, ఎల్‌సీ నంబర్ ఆపరేటర్ చెప్పాలె, తీసుకున్నోడు అదే నంబర్ మళ్ళ చదివి చెప్పాలె, ఫోన్ పెట్టకముందే బుక్కుల పడాలె. వాపస్ ఇచ్చినప్పుడు కూడ ఆ నంబర్ చెప్పనోని మాట చెల్లద్దు. వేరేటోడు చెప్తే అసలే చెల్లద్దు. ట్రిప్ అయిన లైన్ మీద ఎల్‌సీ బాకీ ఉంటే ట్రయల్ అనే మాటే ఉండద్దు.

ఇంకొకటి ఎర్త్ రాడ్లు. ఆ రాత్రి మా దగ్గర ఎర్త్ రాడ్లు ఉండి, పని చేసే పోల్‌కు అటుదిక్కు ఇటుదిక్కు మూడు వైర్లు కలిపి భూమికి కట్టి ఉంటే, సబ్‌స్టేషన్ల ఎవలు ఎన్నిసార్లు చార్జ్ చేసినా కరెంటు భూమికి పోయి బ్రేకర్ వెంటనే ట్రిప్ అయ్యేది, వాని చేతుల ఉన్న వైరు, వాడు నిలబడ్డ పోల్ దాదాపు ఒకే వోల్టేజ్ మీద ఉండేటివి, అంత పెద్ద దెబ్బ తగలకపోయేది. ఎల్‌సీ మనిషి మాట, ఎర్త్ రాడ్ ఇనుము. మాట తప్పినా ఇనుము తప్పదు. కట్టేటప్పుడు ముందుగాల భూమి దిక్కు కట్టాలె, తర్వాత లైన్ దిక్కు, తీసేటప్పుడు ముందు లైన్ దిక్కు తీసి చివరికి భూమి దిక్కు తియ్యాలె, ఇది ఉల్టా చేస్తే రాడ్డే ప్రాణం తీస్తది. ఈ ఒక్క ముక్క ఎంతమంది హెల్పర్లకు తెలుసో మీరే ఊర్లల్లకు వచ్చి అడగండి. రాడ్లు ఆఫీసుకు ఒక సెట్టు ఉంటే లాభం లేదు, పోల్ ఎక్కే ప్రతి గ్యాంగ్ దగ్గర ఉండాలె, ఎక్కే బండి మీదనే ఉండాలె.

ఇవన్నీ నేను కొత్తగ అడుగుతున్నయి కావు. 2010ల కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన సేఫ్టీ రెగ్యులేషన్లల్లనే ఉన్నది, కండక్టర్ ముట్టకముందు ఎర్త్ చేసి డిశ్చార్జ్ చేయాలె అని, పని చేసేటోనికి గ్లోవ్స్, రబ్బర్ బూట్లు, సేఫ్టీ బెల్ట్, నిచ్చెన, ఎర్తింగ్ సామాను, హెల్మెట్, లైన్ టెస్టర్ ఇయ్యాలె అని. 2023ల అవి మార్చి కొత్త రెగ్యులేషన్లు కూడ తెచ్చిండ్రు. రూల్ లేక కాదు, పోల్ దాక రూల్ వస్తలేదు. మా దిక్కు ఒక దగ్గర గ్లోవ్స్ వచ్చినయి, అల్మారల పెట్టి తాళం వేసిండ్రు, పోతయేమో అని. ఇంకో దగ్గర ఇచ్చిండ్రు కానీ ఒకటే సైజు, చేతికి వదులు, అవి వేసుకుంటే నట్టు దొరకది, నట్టు దొరకకపోతే మనిషి తీసి జేబుల పెట్టుకుంటడు. గ్లోవ్ ఇచ్చుడు ఒక్కటే కాదు, దాన్ని చూసుడు నేర్పాలె. మణికట్టు దిక్కు నుంచి చుట్టలెక్క మలిచి గాలి లోపల బంధించి చెవి కాడ పెట్టుకొని పిండితే, సూది మొనంత రంధ్రం ఉన్నా సుయ్యిమని వినపడుతది. ఆ సుయ్యి వినపడ్డ గ్లోవ్ పారేయాలె, పొలం పనికి కూడ ఇయ్యద్దు, ఎందుకంటే అది తిరిగి తిరిగి మళ్ళ పోల్ కాడికే వస్తది. 11 కేవీ లైన్ భూమి నుంచి లెక్క చేస్తే కూడ 6,350 వోల్టులు, దాని ముంగట ఇండ్ల వైరింగుకు వాడే పల్చటి గ్లోవ్ ఉన్నా లేనట్టే, ఎంత వోల్టేజ్‌కు తట్టుకుంటదో ఆ క్లాస్ చూసి ఇయ్యాలె.

ఏబీ స్విచ్‌ల గురించి కూడ చెప్పాలె, పోల్ మీద లైన్‌ను విడదీసే మూడు బ్లేడ్ల స్విచ్ అది. ట్రాన్స్‌ఫార్మర్ మీద హెచ్‌జీ ఫ్యూజ్ (11 కేవీ దిక్కు ఫ్యూజ్) వేయాలంటే ముందు ఏబీ స్విచ్ తియ్యాలె, హ్యాండిల్ కిందికి గుంజుతరు, తీసినం అనుకుంటరు. కానీ తుప్పు పట్టి, ఎన్నో ఏండ్ల నుంచి గ్రీజు లేక, మూడు బ్లేడ్లల్ల ఒకటి అతుక్కపోయి అట్లనే ఉంటది. హ్యాండిల్ చేతికి వస్తది, రెండు ఫేజులు పోతయి, మూడోది బతికే ఉంటది. నేను కొత్తల ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఇట్లనే ఎక్కబోతుంటె పక్క చేన్ల పని చేస్తున్న ముసలాయన, ఆయనకు చదువు రాదు, కొడుకా పైకి చూడు ఒకటి ఇంకా కరుచుకొని ఉన్నది అన్నడు. ఆయన ఆ పొద్దు ఆ చేన్ల లేకుంటే నేను ఈ లేఖ రాసేటోన్ని కాదు. అప్పటి నుంచి నేను ఎక్కడికి పోయినా మూడు బ్లేడ్లు కండ్లతోటి చూసి వేలు పెట్టి లెక్కబెట్టినంకనే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కుత. కొన్ని దగ్గర్ల ఏబీ స్విచ్ హ్యాండిలే ఉండదు, కర్రతోటి పొడిచి తీస్తున్నరు, కొన్ని దగ్గర్ల స్విచ్ ఎప్పుడో తీసేసి డైరెక్ట్ చేసిండ్రు. సార్, ఎండాకాలంల లోడ్ లెక్కలు తీసుకున్నట్టే ఒక్కసారి ఏబీ స్విచ్‌ల లెక్క తీసుకోండి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కాడ స్విచ్ సక్కగ పడ్తలేదో ఊరి హెల్పర్‌ను అడిగితే కూసున్న కాడనే చెప్తడు.

టెస్టర్ల సంగతి కూడ అట్లనే. చాన మంది పదిరూపాయల నియాన్ టెస్టర్ జేబుల పెట్టుకొని దాన్నే దేవుని లెక్క నమ్ముతరు. ఎండల అది వెలిగినా కనపడది, లోపల బల్బు పోతే వెలగనే వెలగది, అప్పుడు మనిషి కరెంటు లేదనుకుంటడు. అందుకే ముందు కరెంటు ఉన్న దగ్గర పెట్టి వెలుగుతుందా చూడాలె, తర్వాత పని చేసే దగ్గర చూడాలె, తర్వాత మళ్ళ కరెంటు ఉన్న దగ్గర పెట్టి ఇంకా బతికున్నదా చూడాలె. మూడుసార్లు. 11 కేవీకి దానికి తగ్గ డిటెక్టర్ కర్రకు కట్టి చూడాలె, ఇండ్ల టెస్టర్ దాని దగ్గరికి తీస్కపోతే చావు దగ్గరికి తీస్కపోయినట్టే.

అట్లనే రిటర్న్ కరెంటు. సబ్‌స్టేషన్ల బ్రేకర్ తీసిండ్రు, ఏబీ స్విచ్ తీసిండ్రు, అన్నీ సక్కగ ఉన్నయి, కానీ ఊర్ల ఫంక్షన్ హాల్ వాడు చేంజ్ ఓవర్ స్విచ్ (లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుంట చేసేది) పెట్టకుంట జనరేటర్ డైరెక్ట్ మెయిన్‌కు కలిపిండు అనుకోండి, ఆ కరెంటు సర్వీస్ వైర్ల నుంచి ఎల్‌టీ లైన్‌కు (ఇండ్లకు వచ్చే తక్కువ వోల్టేజ్ లైన్), ఆడ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉల్టా పోతది. కింద 433 వోల్టులు ఇస్తే పైన 11 వేలు తయారైతయి, అదే ట్రాన్స్‌ఫార్మర్ కదా, దానికి ఎటు పోయినా ఒకటే. ఇప్పుడు 2024ల వచ్చిన పీఎం సూర్య ఘర్ తోటి ఇండ్ల మీద సోలార్ కూడ పెరుగుతున్నది, మంచి ఇన్వర్టర్ అయితే లైన్ల కరెంటు పోంగనే దానంతట అదే ఆగిపోతది, అయినా దాని మీద ప్రాణం పెట్టద్దు, ఎర్త్ రాడ్ కట్టినంకనే చెయ్యి పెట్టాలె. సోలార్ పని చేసే మా ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళకు ఒక మాట, మెయిన్ బంద్ చేసినా పగటి పూట ప్యానెల్ నుంచి వచ్చే డీసీ వైరు బంద్ కాదు, ఎండ ఉన్నంతసేపు అది లైవే.

మిల్లుల ఓనర్లు కూడ ఈ లేఖ చదవాలని కోరుకుంటున్న. ఒక మిల్లుల నేను నడుస్తున్న ప్యానెల్ల బస్‌బార్ (కరెంటు పారే లోహపు పట్టీ) నట్టు టైట్ చేసిన, ఎందుకంటే మెయిన్ తీస్తే లోపల వడ్లు ఆగుతయి, పారాబాయిల్డ్ బ్యాచ్ ఖరాబైతది, ఐదు నిమిషాల పని అట్లనే చెయ్యి అన్నరు. పాన జారింది. రెండు ఫేజులు కలిసినయి. ఆ వెలుగు వచ్చినంక నాకు కొద్దిసేపు ఏం కనపడలే, కుడి చెయ్యి మోచేతి దాక తోలు లేసింది, చొక్కా పాలిస్టర్‌ది కాబట్టి కరిగి ఒంటికి అతుక్కుంది. షాక్ కొట్టలేదు నాకు, అసలు నేను కరెంటు ముట్టనే లేదు, ఆ మంటనే కాల్చింది, ఆ ఆర్క్ వేడి వేల డిగ్రీలల్ల ఉంటది. ఐదు నిమిషాల పనికి నేను నెల పదిహేను రోజులు మంచంల ఉన్న. అప్పటి నుంచి లైవ్ ప్యానెల్ల చెయ్యి పెట్టను, పని పోయినా సరే, కానీ నేను కాదంటే ఇంకో పిల్లగాడు ఒప్పుకుంటడు అనేదే నా బాధ. పని చేపిచ్చుకునేటోడు మెయిన్ తీసిస్తేనే ఈ పిల్లలు బతుకుతరు, చొక్కాలు కూడ నూలువి వేసుకొమ్మని చెప్పండి.

రైతు అన్నలకు, బాపులకు దండం పెట్టి చెప్తున్న. ఫ్యూజ్ పోయిందని మీరే గద్దె ఎక్కకండి. మన చేతులు తడి ఉంటయి, కాళ్ళు బురదల ఉంటయి, అప్పుడు ఒంట్లె కరెంటును ఆపే అడ్డు వెయ్యి ఓమ్‌ల దాక పడిపోతది, 230 వోల్టులకు 230 మిల్లీయాంపులు పోతయి. పది మిల్లీయాంపులు దాటితేనే పిడికిలి బిగుసుకొని వైరు వదలరాదు, వంద లోపలనే గుండె లయ తప్పుతది. ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం నేరాల రికార్డుల సంస్థ) లెక్కలల్ల దేశంల ఏటా పదివేల మందికి పైన కరెంటు షాక్ తోటి పోతున్నరు. ఇంకోటి, కరెంటు పోయిన రాత్రి సబ్‌స్టేషన్‌కు వంద ఫోన్లు చేయకండి, పోల్ మీద ఎవని బిడ్డ ఉన్నడో తెలవదు, వాని ఫోన్ కలవాలె ముందు.

పెద్ద చదువులు చదివినోళ్ళకు ఏం కాదు, ఇది హెల్పర్ల నిర్లక్ష్యం అని కొందరు సార్లు అంటరు. 2020 ఆగస్ట్ 20 రాత్రి మన నాగర్‌కర్నూల్ జిల్లాల శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ పవర్ హౌస్ల మంటలు లేస్తే 9 మంది పోయిండ్రు, వాళ్ళల్ల డీఈ ఉన్నడు, ఏఈలు ఉన్నరు. వాళ్ళకు తెలవక పోయిండ్రా సార్. కరెంటు దగ్గర తెలివి ఒక్కటే కాపాడదు, తెలివి పని చేయని రాత్రి కోసమే పద్ధతి కావాలె.

హెల్పర్ల సంగతి కూడ తేల్చండి. 2017ల ఔట్‌సోర్సింగ్ వాళ్ళను కరెంటు సంస్థలల్ల ఆర్టిజన్లు అనే పేరుతోటి తీసుకున్నరు, మంచి పని, కానీ వాళ్ళ కింద ఇంకా మేము ఉన్నం, ఏ లిస్టుల లేనోళ్ళం, పోల్‌కు వందో రెండొందలో తీసుకొని ఎక్కేటోళ్ళం. మేము లేకుంటే దుమారం వచ్చిన రాత్రి ఊర్లల్ల కరెంటు రాదు, ఈ సంగతి మీకు కూడ తెలుసు. మమ్మల్ని ఎక్కనియ్యద్దు అంటే ఎక్కనియ్యకండి, సంతోషం, చాలినంత మందిని పెట్టుకోండి. ఎక్కనిస్తే మాత్రం ట్రైనింగ్ ఇయ్యండి, పేరు రాసుకోండి, ఇన్సూరెన్స్ కట్టండి. దెబ్బ తగిలినంక ప్రైవేట్ వ్యక్తి అనకండి. కాంట్రాక్టర్ కింద పని చేసేటోనికి ఏమన్న అయితే పని ఎవలదో వాళ్ళ మీద కూడ బాధ్యత ఉంటది అనేది 1923 నాటి కాంపెన్సేషన్ చట్టం నుంచే ఉన్న మాట. ప్రమాదం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలె అని 2003 విద్యుత్ చట్టం 161 సెక్షన్ల ఉన్నది, ఆ విచారణల ఏం తేలిందో మా అసొంటోళ్ళకు ఎప్పుడు చెప్పరు. పేర్లు తీసేసి అయినా సరే, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని ఒక కాయితం తెలుగుల రాసి ప్రతి సబ్‌స్టేషన్ గోడకు అతికించండి. కొద్దిల తప్పిన ప్రమాదాలు కూడ రాయండి, ఎవర్ని తిట్టకుంట.

ఛాతి ఒత్తుడు ప్రతి ఒక్కరికి నేర్పండి, ఆర్టిజన్‌కు, హెల్పర్‌కు, ఆపరేటర్‌కు. ముందు కరెంటు బంద్ అయిందా చూసుకోవాలె, ఒట్టి చేతులతోటి మనిషిని గుంజద్దు, ఊపిరి లేకుంటే ఛాతి నడుమ రెండు చేతులు పెట్టి రెండంగుళాలు దిగేటట్టు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 108 వచ్చేదాక ఆపద్దు. ఇసుకల పాతిపెట్టుడు, మట్టి పూసుడు బంద్ కావాలె, ఒంట్లె కరెంటు నిలువ ఉండదు, ఆ గుంత తవ్వే టైంలనే మనిషి పోతడు. లేసి మంచిగ మాట్లాడినా ఆసుపత్రికి తీస్కపోయి ఈసీజీ తీపియ్యాలె. నా తమ్ముడు బతికింది ఒక్క పూట నేర్పిన ఆ పనితోటే, ఆ నేర్పినాయన ఎవలో నాకు పేరు కూడ తెలవదు.

వాడు ఇప్పుడు ఊర్లనే చిన్న కిరాణం పెట్టుకున్నడు. వాన పడి కరెంటు పోయిన రాత్రి నాకు ఫోన్ చేసి, అన్నా ఎక్కడన్న ఉన్నవా, ఎక్కలేదు కదా అని అడుగుతడు. ప్రతిసారి అడుగుతడు.

సార్, ఈ లేఖ మీద జవాబు రాయకున్నా పర్వాలేదు. ఒక్క పని చేయండి. వచ్చే దుమారం రాత్రి చెప్పకుంట ఏదన్న ఒక సబ్‌స్టేషన్‌కు పోండి, మునుగోడు దిక్కు పోతరో, కల్వకుర్తి దిక్కు పోతరో మీ ఇష్టం. ఎల్‌సీ బుక్కు తెరిచి ఆ టైంకు ఎన్ని ఎల్‌సీలు రాసి ఉన్నయో చూడండి. తర్వాత ఆ ఫీడర్ పట్టుకొని ఊర్లల్లకు పోయి పోల్ల మీద ఎంతమంది ఉన్నరో లెక్కబెట్టండి.

ఇట్లు,
ఒక ప్రైవేట్ ఎలక్ట్రీషియన్,
దేవరకొండ దిక్కు, నల్లగొండ జిల్లా